ఇల్లు కొనబోయే వారికి నాలుగు మాటలు

(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



మొదటిసారి ఇల్లు కొనేవారికి కొన్ని సలహాలు చెప్పమని కార్యదర్శిగారు మమ్మల్ని ఆదేశించారు. మేము వకీళ్ళము కాము, బ్యాంకు వారమూ కాము. ఉర్దూ మీడియం బడిలో పిల్లలకు పాఠాలు చెప్పుకునే వారము. అయినా ఈ విషయం మాకు అప్పగించడంలో ఒక అర్థం లేకపోలేదు. నిజాం కాలపు పాత కాగితాలు ఉర్దూలో ఉంటాయి గనుక, "మాస్టరు సాబ్, కాస్త చదివి పెట్టండి" అంటూ చాలామంది మా దగ్గరకు వస్తుంటారు. వాళ్ళలో ఎక్కువమంది వచ్చేది బయానా ఇచ్చేసిన తరువాత. ఇచ్చాక చదివించడం కంటే ఇవ్వకముందే చదివించడం మేలని చెప్పడానికే మేమీ రోజు మీ ముందు నిలబడ్డాము.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. ఈ రెండూ మనిషి జన్మలో పెద్ద ఖర్చులు. చీర కొంటే నచ్చకపోతే మార్చుకోవచ్చు. సైకిలు కొంటే అమ్ముకోవచ్చు. ఇల్లు అట్లా కాదు. దుబాయిలో పన్నెండేళ్ళు ఎండలో చేసిన కష్టం, ఇంటావిడ ఒంటిమీది బంగారం, తల్లి దాచుకున్న హజ్ డబ్బు, అన్నీ కలిపి ఒక్కసారే ఒకరి చేతిలో పోస్తాం. అది తప్పితే రెండోసారి పోయడానికి మన దగ్గర ఏమీ ఉండదు.

ఖురాన్ షరీఫ్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ ఏదని మేము పిల్లలను అడుగుతుంటాము. నమాజు గురించి అంటారు కొందరు, రోజా గురించి అంటారు కొందరు. అది సూరా బఖరాలోని 282వ ఆయత్. బాకీల లావాదేవీలు రాసుకోవడం గురించినది. అప్పు పెట్టుకుంటే గడువుతో సహా రాసుకోవాలని, రాసేవాడు న్యాయంగా రాయాలని, సాక్షులను పెట్టుకోవాలని, చిన్నదైనా పెద్దదైనా రాయడానికి బద్ధకించవద్దని అందులో ఆదేశమున్నది. అమ్మకాలు జరిపేటప్పుడు సాక్షులు ఉండాలని కూడా ఉన్నది. మరి మన అలవాటు ఎట్లా ఉన్నది? "మనవాడే కదా, అయిదు పూటల నమాజీ, కాగితాలు అడిగితే ఏమనుకుంటాడో" అని నోరు మూసుకుంటాం. కాగితం అడగడం అనుమానం కాదు. అడగమన్నది మన దీన్. అడిగితే కోపం తెచ్చుకునే మనిషి దగ్గర అసలు కొనకండి.

ఇక అసలు సంగతికి వద్దాము. ఇల్లు చూడటానికి వెళ్ళినప్పుడు మనం గోడలు, బోరు, వంటిల్లు చూస్తాం. చూడవలసిన మొదటి ప్రశ్న వేరే ఉన్నది. ఈ ఆస్తి ఎవరిది? దస్తావేజు మీద ఎవరి సంతకం ఉన్నది అని కాదు, ఉండవలసిన ఎవరి సంతకం లేదు అని చూడాలి. మా అనుభవంలో మన ఇళ్ళల్లో లేని సంతకం చాలాసార్లు ఒక ఆడమనిషిది.

ఒక లెక్క చెబుతాము. ఒకాయన 160 గజాల ఇల్లు వదిలి చనిపోయాడు. తల్లిదండ్రులు ముందే పోయారు. భార్య, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్ళు ఉన్నారు. హనఫీ పద్ధతి ప్రకారం భార్యకు ఎనిమిదో వంతు. మిగిలినదానిలో కొడుక్కు రెండు పాళ్ళు, కూతుళ్ళకు ఒక్కొక్క పాలు. అంటే ఇంటిని 32 భాగాలు చేస్తే భార్యకు 4, కొడుక్కు 14, ఒక్కొక్క కూతురికి 7. గజాల్లో చెప్పాలంటే తల్లికి 20, కొడుక్కు 70, కూతుళ్ళకు చెరి 35. ఇప్పుడు ఆ కొడుకు ఒక్కడే వచ్చి 160 గజాలకు మీకు సంతకం చేసి ఇచ్చాడనుకోండి. మీరు డబ్బు ఇచ్చింది 160 గజాలకు. మీకు వచ్చింది 70 గజాల హక్కు. మిగతా 90 గజాలు ఆ తల్లివీ, అక్కచెల్లెళ్ళవీ. చనిపోయినాయన భార్యకు మహర్ బాకీ ఉంటే అది కూడా అప్పే. పంపకానికి ముందే తీర్చవలసినది.

దీనికి అమ్మేవారు చెప్పే జవాబు మీ అందరికీ తెలిసిందే. "అక్కచెల్లెళ్ళకు పెళ్ళిళ్ళు చేశాం, జహేజ్ ఇచ్చాం, ఇంకా వాళ్ళకేం హక్కు?" అంటారు. జహేజ్ ఇస్తే విరాసత్ పోదు. షరీఅత్‌లోనూ పోదు, కోర్టులోనూ పోదు. "చెల్లెలు మాఫ్ చేసింది" అంటారు. నోటితో మాఫ్ చేసిందని అన్న చెబితే కొనేవాడికి సరిపోదు. ఆమె కూడా అమ్మకపు దస్తావేజులో సంతకం చేయాలి, లేదా తన హక్కు వదులుకున్నట్లు రిజిస్టరు దస్తావేజు ఉండాలి. "పెద్దన్నను నేనే కదా, అందరి తరఫునా చేస్తాను" అంటారు ఇంకొందరు. ముస్లిం లాలో ఉమ్మడి కుటుంబపు యజమాని అనే పద్ధతి లేదు. తండ్రి కన్ను మూసిన క్షణాన్నే ఎవరి భాగం వారిదైపోతుంది. ముక్తార్‌నామా లేనిదే అన్న చెల్లెలి భాగాన్ని అమ్మలేడు.

మైనరు పిల్లలుంటే మరింత జాగ్రత్త కావాలి. తండ్రి పోయాక తల్లి పిల్లలను పెంచుతుంది గాని, ముస్లిం లా ప్రకారం వాళ్ళ స్థిరాస్తికి ఆమె చట్టరీత్యా గార్డియన్ కాదు. 1918లోనే ప్రివీ కౌన్సిల్ ఇట్లా తీర్పు చెప్పింది. అన్నగాని, బాబాయిగాని కూడా కాదు. జిల్లా కోర్టు అనుమతి లేకుండా మైనరు భాగం కొంటే ఆ పిల్లవాడు పెద్దవాడై వచ్చి అడుగుతాడు. అప్పుడు మీ దగ్గర జవాబు ఉండదు.

కాబట్టి ఇల్లు వారసత్వంగా వచ్చినదైతే, తహసీల్దార్ ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెప్పించమని అడగండి. అందులో ఉన్న ప్రతి పేరుకూ సంతకం ఉన్నదా లేదా చూడండి. ఇంకో మాట. ఆ అక్కచెల్లెళ్ళ ఇంటికి స్వయంగా వెళ్ళి రండి. పరాయి ఆడవారితో ఎట్లా మాట్లాడటం అనుకుంటే మీ ఇంటావిడను పంపండి. "మీ అన్నగారు ఇల్లు అమ్ముతున్నారు, మీకు సంగతి తెలుసా? మీ భాగం మీకు ముడుతున్నదా?" అని అడిగించండి. అయిదు నిమిషాల పని. ఆమె ముఖం చూస్తే మీకు అర్థమైపోతుంది. హక్కుదారు కన్నీటితో వచ్చిన ఇంట్లో మనం ముసల్లా పరచి నమాజు చేస్తే ఆ నమాజుకు అర్థమేమిటో ఎవరికి వారు ఆలోచించుకోవాలి.

తరువాత కాగితాలు. అమ్మేవారి దస్తావేజు ఒక్కటే చూస్తే చాలదు. వాళ్ళకు అమ్మినవారిది, అంతకు ముందువారిది, ఇట్లా లింకు డాక్యుమెంట్లు వెనక్కు ముప్పై ఏళ్ళయినా చూడాలి. హద్దులు సరిపోతున్నాయా, సర్వే నంబరు ఒక్కటేనా, గజాలు ఎక్కడైనా పెరిగాయా, పోల్చి చదవాలి. ఒరిజినల్ చూడాలి. జిరాక్సు చూపిస్తే ఒరిజినల్ ఎక్కడో తాకట్టులో ఉన్నదేమోనని ఆలోచించాలి. ఈ.సీ. తీయాలి. 1983 నుంచి ఉన్న వివరాలు కంప్యూటరులో దొరుకుతాయి. అంతకు ముందువి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగాలి.

అయితే ఈ.సీ.లో భారం లేదని వచ్చిందని గుండెల మీద చెయ్యి వేసుకొని నిద్రపోకండి. రిజిస్టరైన లావాదేవీలే అందులో కనబడతాయి. వారసుల భాగాలు కనబడవు. మన పద్ధతిలో నోటిమాటగా చేసిన హిబా కూడా కనబడదు. ఈజాబ్, ఖబూల్, ఖబ్జా, అంటే ఇస్తున్నానని చెప్పడం, పుచ్చుకున్నానని ఒప్పుకోవడం, స్వాధీనం చేయడం, ఈ మూడూ జరిగితే రిజిస్ట్రేషన్ లేకపోయినా ముస్లిం లాలో హిబా చెల్లుతుంది. తండ్రి పదేళ్ళ కింద కూతురికి హిబా చేసి తాళంచెవి ఇచ్చి ఉండవచ్చు. ఆ సంగతి ఏ ఆఫీసులోనూ ఉండదు. ఆ ఇంట్లో ఎవరు ఉంటున్నారో, కరెంటు బిల్లు ఎవరి పేర వస్తున్నదో, కిరాయిదారు ఉంటే కిరాయి ఎవరి చేతికి ఇస్తున్నాడో అడగండి. గల్లీలో చాయ్ హోటలు దగ్గర పావుగంట కూర్చుంటే ఈ.సీ.లో లేనివి చాలా తెలుస్తాయి.

నోటరీ కాగితం గురించి గట్టిగా చెప్పవలసి ఉన్నది. మా బడిలో ఏడవ తరగతి చదివే పిల్లవాడి తండ్రి ఆటో నడిపేవాడు. చౌకగా వస్తున్నదని 100 గజాల ఇల్లు స్టాంపు కాగితం మీద నోటరీ చేయించుకొని కొన్నాడు. రిజిస్ట్రేషన్ ఖర్చు మిగిలిందని సంతోషించాడు. నాలుగేళ్ళకు అదే ఇంటికి రిజిస్టరు దస్తావేజు పట్టుకొని ఇంకొకాయన వచ్చాడు. కోర్టు చుట్టూ తిరిగి తిరిగి చివరకు ఇల్లు ఖాళీ చేశారు. ఆ పిల్లవాడు మా దగ్గరకు టి.సి. కోసం వచ్చాడు. ఇప్పుడు ఎక్కడ చదువుతున్నాడో, చదువుతున్నాడో లేదో మాకు తెలియదు. నోటరీ ముద్ర సంతకం ఫలానావాడు పెట్టాడని చెబుతుంది, అంతే. ఇంటిమీద హక్కు ఇవ్వదు. నూరు రూపాయలు, అంతకు మించి విలువగల స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు కావలసిందేనని చట్టం. జి.పి.ఏ. మీద అమ్మితే యాజమాన్యం రాదని 2011లో సుప్రీం కోర్టు స్పష్టంగా చెప్పింది. ముక్తార్‌నామా ఇచ్చినవాడు చనిపోతే సాధారణంగా ఆ ముక్తార్‌నామా కూడా ఆయనతోనే పోతుంది.

కొన్ని భూములను ఎంత చౌకగా ఇచ్చినా ముట్టకూడదు. మొదటిది వక్ఫ్ భూమి. మసీదుది, దర్గాది, ఖబరస్తానుది అయిన జాగాను అమ్మే హక్కు ముతవల్లికి లేదు. 2013 సవరణతో వక్ఫ్ ఆస్తి అమ్మకం మొదటినుంచే చెల్లనిదని చట్టంలో రాశారు. 2025లో వక్ఫ్ చట్టానికి చాలా మార్పులు వచ్చినా ముతవల్లికి అమ్ముకునే స్వేచ్ఛ ఎవరూ ఇవ్వలేదు. "అందరూ కట్టుకున్నారు, మనకే ఏమవుతుంది" అనే మాట వినకండి. అల్లాహ్ పేర వదిలిన భూమిని కొనడంలో ఈ లోకపు నష్టమే కాదు, ఆ లోకపు లెక్క కూడా ఉన్నది. రెండవది ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డు భూమి. 1977 చట్టం దాని బదలాయింపును నిషేధించింది. సడలింపు వచ్చిందని ఎవరైనా అంటే తహసీల్దార్ ఆఫీసు నుంచి రాతపూర్వకంగా చూపించమనండి. మూడవది చెరువు శిఖం, కుంట, నాలా. 2024లో హైదరాబాదులో హైడ్రా కూల్చివేతలు జరిగినప్పుడు, డబ్బు పోసి కొనుక్కున్నవారు కూడా సామాన్లతో వీధిన పడ్డ సంగతి మనమంతా పత్రికల్లో చూశాము. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద నిషేధించిన ఆస్తుల జాబితా ఉంటుంది. సర్వే నంబరు అందులో ఉన్నదా అని బయానాకు ముందే చూడాలి. లేఅవుటుకు అనుమతి ఉన్నదా, ఎల్.ఆర్.ఎస్. అయిందా అని కూడా అడగాలి.

ఫ్లాటు కొనేవారికి ఒక మాట. 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలోగాని, ఎనిమిదికి మించిన ఫ్లాట్లతోగాని కొత్తగా కట్టి అమ్మేవారు రెరాలో రిజిస్టరు కావాలి. ఆ నంబరు అడగండి. రిజిస్టరైన ఒప్పందం రాయకుండా ధరలో పదో వంతుకు మించి అడ్వాన్సు తీసుకోవడానికి బిల్డరుకు వీలులేదు. లెక్క కార్పెట్ ఏరియా మీద అడగండి. మెట్లు, వరండా కలిపి చెప్పే అడుగులు మీరు చాప వేసుకొని పడుకునే అడుగులు కావు. ఇల్లు అప్పగించిన తరువాత అయిదేళ్ళలోపు కట్టడంలో లోపం బయటపడితే బిల్డరే బాగుచేయాలి.

ఇప్పుడు ఎవరి పేర కొనాలి అన్నది. మన నిజామాబాదు, జగిత్యాల, కరీంనగర్ వైపు గల్ఫ్‌లో ఉన్నవారు చాలామంది. డబ్బు పంపి, "అన్న పేర తీసుకోండి, నేను వచ్చాక మార్చుకుందాం" అంటారు. అన్న మంచివాడే కావచ్చు. అన్న చనిపోతే ఆ ఇల్లు వదినకూ, ఆమె పిల్లలకూ విరాసత్ అవుతుంది. అప్పుడు "డబ్బు నాది" అని కోర్టుకు వెళితే బినామీ చట్టం అడ్డు వస్తుంది. అన్నదమ్ముల మధ్య మినహాయింపు కావాలంటే దస్తావేజులో ఇద్దరి పేర్లూ ఉండాలి. కాబట్టి కొనేది ఎవరి డబ్బో వారి పేరయినా ఉండాలి, ఇద్దరి పేరయినా ఉండాలి. అక్కడినుంచి ముక్తార్‌నామా పంపితే ఇండియన్ ఎంబసీలో అటెస్టు చేయించి, ఇక్కడికి చేరిన మూడు నెలలలోపు స్టాంపు వేయించాలి.

అట్లాగే ఇంటావిడ బంగారం. అది ఆమె సొత్తు. మహర్‌గా వచ్చినా, పుట్టింటినుంచి వచ్చినా భర్తది కాదు. అది అమ్మి ఇల్లు కొంటే దస్తావేజులో ఆమె పేరు కూడా రాయించండి. అది ఇష్టం లేకపోతే ఇన్ని తులాలు బాకీ అని రాసి సాక్షులతో సంతకం పెట్టి ఆమె చేతికి ఇవ్వండి. "మన ఇద్దరి మధ్య కాగితాలెందుకు" అనే భర్తలను మేము ఎరుగుదుము. భర్త హయాములో కాగితం అక్కరలేదు. ఆయన పోయిన మర్నాడు కావాలి.

డబ్బు సంగతి క్లుప్తంగా చెప్పి ముగిస్తాము. ఇంటి ధర ఒక్కటే ఖర్చు కాదు. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి సుమారు ఏడున్నర శాతం. 20 లక్షల ఇంటికి లక్షన్నర. ఆ రోజుకు రేటు ఎంతో ముందే కనుక్కోండి. దస్తావేజులో తక్కువ రాసి మిగతాది చేతికి ఇమ్మంటే ఒప్పుకోకండి. రేపు వివాదం వస్తే రాసిందే మీ డబ్బు, రాయనిది గాలి. 20,000 రూపాయలు, అంతకు మించిన బయానా నగదుగా పుచ్చుకోవడం ఇన్‌కంటాక్స్ చట్టానికి కూడా విరుద్ధమే. బ్యాంకు ద్వారా ఇస్తే అదే సాక్ష్యం. బయానా ఇచ్చేనాడు ఎంత ఇచ్చాము, ఎన్ని రోజుల్లో మిగతాది, కాగితాల్లో లోపం వస్తే డబ్బు వాపసు ఎట్లా, ఇవన్నీ రాసుకోవాలి.

బ్యాంకు వడ్డీ విషయంలో ఫత్వా ఇవ్వడానికి మేము ముఫ్తీలము కాము. మీకు నమ్మకమున్న ఆలిములను అడగండి. ఒక్క సంగతి మాత్రం చెప్పక తప్పదు. వడ్డీ హరామని బ్యాంకు మెట్లు ఎక్కనివారు కొందరు, నూటికి మూడు రూపాయల లెక్కన ఫైనాన్సువారి గుమ్మం ఎక్కుతున్నారు. అది నెలకు మూడు. పది లక్షలకు నెలకు ముప్పై వేలు, సంవత్సరానికి మూడు లక్షల అరవై వేలు, అసలు అట్లాగే ఉంటుంది. అది వడ్డీ కాదా? అమ్మేవారితో మాట్లాడి ధర ముందే తేల్చుకొని వాయిదాల్లో ఇవ్వడం, దగ్గరివారి ఖర్జె హసనా, లేదంటే ఇంకో మూడేళ్ళు కిరాయి ఇంట్లో ఓపిక పట్టడం, ఇవే మాకు తోచిన దారులు. కిరాయి ఇంట్లో ఉండటం ఎవరికీ అవమానం కాదు.

చివరగా మన సంఘానికి మా మనవి. వేలకు వేలు చందాలు అక్కరలేని పని ఒకటి ఉన్నది. నెలకు రెండు ఆదివారాలు సంఘం ఆఫీసులో ఇద్దరు ముగ్గురు చదువుకున్నవారు, వీలైతే ఒక వకీలుగారు కూర్చోవాలి. ఇల్లు కొనబోయే సభ్యులు బయానాకు ముందు కాగితాలు తెచ్చి చూపించుకోవాలి. అక్కచెల్లెళ్ళ దగ్గరకు వెళ్ళి అడిగి రావడానికి మన మహిళా సభ్యులు ఇద్దరు ముందుకు రావాలి. ఉర్దూ కాగితాలు చదవడానికి మేము సిద్ధంగా ఉన్నాము. దానికి రుసుము ఒక కప్పు చాయ్ మాత్రమే.

ఇల్లు లేని ప్రతివారికీ హలాల్ సంపాదనతో, ఎవరి హక్కూ కలవని నీడ దొరకాలని అల్లాహ్‌ను వేడుకుంటున్నాము.